రేకు తొడిగిన గరుత్మంతుడు

దేవుడి ఊరేగింపు వాహనంలో రెండు పనులు కలిసి ఉంటాయి. లోపలిది కర్రపని, పైది రేకుపని. టేకు, వేగిస లాంటి గట్టి కర్రను చెక్కి గరుత్మంతుడు, హంస, ఏనుగు, నెమలి రూపాలు తీరుస్తారు. ఆ కర్ర ఒంటికి అతుక్కుపోయేటట్టు రాగి, ఇత్తడి లేదా వెండి రేకు తొడుగుతారు. దీన్నే తాపడం అంటారు. కలిగిన ఆలయాల్లో రాగి రేకు మీద బంగారు పూత కూడా ఉంటుంది. కర్నూలు, కడప సీమలో బ్రహ్మోత్సవాలు వస్తే వాహన మండపాల తలుపులు తెరుచుకుంటాయి. మహాశివరాత్రికి శ్రీశైలంలో భృంగి, హంస, మయూర, రావణ, గజ, నంది వాహనాలు ఒక్కొక్కటిగా కదులుతాయి. శ్రీరామనవమి రోజుల్లో ఒంటిమిట్ట కోదండరాముడు, మాఘమాసంలో దేవుని కడప వేంకటేశ్వరుడు ఇట్లాంటి వాహనాల మీదనే వీధులు తిరుగుతారు.

బరువు మోసేది లోపలి కర్ర. కంట పడేది పైరేకు. మొక్కు అందుకునేది వీపు మీద కూర్చున్న ఉత్సవమూర్తి. వీధిలో నిలబడి చేతులెత్తే మనిషి మాత్రం గరుత్మంతుడు వచ్చాడంటాడు. కర్ర వచ్చిందని గానీ వెండి వచ్చిందని గానీ అనడు. మరి ఆ గరుత్మంతుడు ఎక్కడున్నాడు? అర మిల్లీమీటరు మందం రేకులోనా, దాని వెనక దాగిన కర్రలోనా, ఆ రెండింటికీ బయటనా? రూపానికీ పదార్థానికీ ఉన్న సంబంధం ఏమిటని వేదాంతులు శతాబ్దాలుగా వాదించుకున్నది దీని గురించే. ఆ వాదంలోని మూడు ప్రధాన పక్షాలకూ పాత కర్నూలు, కడప జిల్లాల నేలమీద పీఠాలో, క్షేత్రాలో ఉన్నాయి. వాటి దగ్గరికి వెళ్లే ముందు రేకుపని ఎట్లా సాగుతుందో తెలియాలి. వేదాంతులు ఇచ్చిన ఉదాహరణల్లో కొన్ని కొలిమి దగ్గర పుట్టినవే.

రేకుపని మంటతో మొదలవుతుంది. కత్తిరించిన రాగి రేకును మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్లలో ముంచుతారు. ఉక్కును అట్లా ముంచితే బిరుసెక్కుతుంది. రాగి మాత్రం మైనంలా మెత్తగా ఉండిపోతుంది. ఆ మెత్తదనం ఎంతోసేపు నిలవదు. సుత్తి దెబ్బ పడేకొద్దీ రాగి స్ఫటికాల లోపలి పొరలు ఒకదాని మీద ఒకటి జారి చిక్కుపడతాయి, రేకు మొండికేస్తుంది. అప్పుడూ ఆపకుండా కొడితే చిట్లుతుంది. మళ్లీ కాల్చితే స్ఫటికాలు కొత్తగా అమరి చిక్కు విడుతుంది. ఒక్క ముఖం పూర్తయ్యేలోగా రేకు ఎన్నోసార్లు మంటలోకి వెళ్లి వస్తుంది. ఎప్పుడు కాల్చాలో చెప్పడానికి కొలత లేదు. సుత్తి చప్పుడు మారుతుంది, దెబ్బ తిరిగి చేతిని తాకుతుంది. అనుభవమున్న ఆచారికి ఆ రెండు గుర్తులు చాలు.

గరుత్మంతుడి రెక్కలో ఒక్క ఈకను తీసుకుంటే పని తీరు దగ్గరగా కనిపిస్తుంది. గుగ్గిలం, ఇటుక పొడి, కాస్త నూనె కలిపి కాచిన ముద్దను పలక మీద పరిచి, వేడిగా ఉన్నప్పుడే రేకును దాని మీద అంటిస్తారు. ముద్ద చల్లారాక అటు గట్టిగానూ ఉంటుంది, ఇటు దెబ్బకు కొంచెం లొంగుతుంది. ముందు ఈక గీత గీస్తారు. తరవాత ముద్దను వేడిచేసి రేకు ఊడదీసి, తిరగేసి అంటించి, ఈక పొట్టను వెనక నుంచి కొట్టి ఉబ్బిస్తారు. మళ్లీ తిరగేసి ఈక నడుమ ఉండే కాడనూ, దాని రెండు వైపులా పోయే సన్నని గీతలనూ ముందు నుంచి దిద్దుతారు. ఇక్కడ వాడే ఉలికి పదును ఉండదు, మొన మొద్దుగా ఉంటుంది. అది రేకును కోయకూడదు, నెట్టాలి. ఉబ్బిన చోట లోహం సాగి పల్చబడుతుంది. ముక్కు కొస, మోకాలు, కిరీటం మొగ్గ లాంటి ఎత్తైన చోట్ల రేకు అన్నిటికన్నా పల్చన. నునుపు చేసేటప్పుడు ఆచారి చెయ్యి తేలిపోయేది అక్కడే.

రాతి శిల్పి అక్కర్లేనిది తీసేస్తూ పోతాడు. పోత పోసేవాడు కరిగినది నింపుతాడు. రేకుపనివాడు తీసేదీ లేదు, కలిపేదీ లేదు. కత్తెర పడిన అంచు ముక్కలు పక్కన పెడితే, పని ముందు తూచిన రేకూ పని తరవాత తూచిన ఈకా తక్కెడలో ఒకటే. అయినా ముందు లేని ఈక ఇప్పుడు ఉంది. బరువు పెరగకుండా వచ్చిన ఆ ఈక ఏమిటన్నదే తాత్త్వికుల ప్రశ్న.

బిగింపులోనూ ఆలోచన ఉంది. రేకు ముక్కలను చిన్న చీలలతో కర్రకు దిగగొడతారు. వానచినుకు లోపలికి దిగకుండా పై రేకు అంచు కింది రేకు మీదికి వస్తుంది. అతుకును రెక్క చాటునో మెడ మడతలోనో దాచుతారు. అర మిల్లీమీటరు మందం రాగి చదరపు మీటరుకు సుమారు నాలుగున్నర కిలోలు తూగుతుంది. నాలుగు చదరపు మీటర్ల ఒళ్లున్న వాహనానికి తాపడం బరువు పద్దెనిమిది కిలోలు. అదే రూపాన్ని నిండు రాగితో పోత పోస్తే బోయీల భుజాలు ఎత్తలేవు. కర్ర ఒక్కటే ఉంటే చెదలు తింటాయి, నూనె మరకలు పడతాయి, మోసే దండెలను కట్టిన తాళ్లు కోస్తాయి. రెండూ కలిసినందువల్లే వాహనం తరాలు నిలుస్తుంది.

పరిమాణం సంగతి ఇంతకన్నా లోతైనది. ఈ రోజుల్లో లారీలకో బస్సులకో చిన్న నమూనాలను, కొన్న కిట్టు లేకుండా, రేకు ముక్కల నుంచి సొంతంగా చేసేవాళ్లున్నారు. వాళ్లకు మొదట ఎదురయ్యే చిక్కు మందం. లారీ క్యాబిన్ రేకు మిల్లీమీటరు మందం అనుకుంటే, ఇరవై నాలుగో వంతు నమూనాలో అది 0.04 మిల్లీమీటర్లు కావాలి. అది వంటింటి అల్యూమినియం రేకు కన్నా మందం, కూల్‌డ్రింకు డబ్బా గోడలో సగం కన్నా తక్కువ. అంత పల్చటి రేకు తన రూపాన్ని తాను నిలుపుకోలేదు. అందుకని మందమైన ఇత్తడి రేకే వాడి, కంటికి కనబడే అంచును మాత్రం ఆకురాయితో అరగదీసి పల్చన చేస్తారు. పొడవును ఇరవై నాలుగో వంతు చేస్తే ఘనపరిమాణం 13,824వ వంతుకు పడిపోతుంది. పదార్థం గట్టిదనం మాత్రం ఉన్నంతే ఉంటుంది. ప్రకృతిలో అన్నీ ఒకే పాళ్లలో తగ్గవు. నమూనా ఎంత నిజాయితీగా చేసినా ఎక్కడో ఒకచోట అసలును వదులుకోవాల్సిందే.

వాహన శిల్పికి ఈ చిక్కు లేదు, కారణం గమనించదగ్గది. నమూనా కొలత బయటి వస్తువుతో పోల్చే కొలత. బొమ్మ ఇంత ఉంటే అసలు అంత. శిల్పశాస్త్రంలోని తాలమానం అట్లాంటిది కాదు. ఉత్తమ దశతాలమైతే ప్రతిమ ఎత్తును 124 భాగాలు చేస్తారు, నవతాలమైతే 108. ఆ ఒక్కో భాగమే ఆ ప్రతిమకు అంగుళం. ముఖానికి ఇన్ని, మెడకు ఇన్ని, మోకాలికి ఇన్ని అని పంచుతారు. అరచేతిలో ఇమిడే మూర్తికైనా ఆకాశాన్ని తాకే మూర్తికైనా అంగుళం ఆ మూర్తిలోనే పుడుతుంది. ప్రతిమ అనే మాటలో కొలవడం అనే అర్థమున్న ధాతువు ఉంది. ఈ కొలతకు ఎదురుగా పెట్టి చూసుకోవడానికి ఎవరి దగ్గరా అసలు గరుత్మంతుడు లేడు. కాబట్టి వాహనాన్ని దూరాన ఉన్న ఏదో వస్తువుకు తగ్గించిన నకలు అనడం సరికాదు. వీధిలో చూసినా ఇది తెలుస్తుంది. మూరెడు ఎత్తు మూర్తిని మనిషెత్తు గరుత్మంతుడి మీద కూర్చోబెడతారు, ఆ పాళ్లు తప్పని ఎవరికీ తోచదు.

రూపానికి అసలు లేనప్పుడు అది నిజమా కాదా అన్న ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది. ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుకు మూడు ఉదాహరణలు ఇస్తాడు. ఒకటి మట్టిముద్ద, ఒకటి బంగారు ముద్ద, ఒకటి గోళ్లు తీసే ఇనప పనిముట్టు. ఒక్క బంగారు ముద్దను తెలుసుకుంటే బంగారంతో చేసినవన్నీ తెలిసినట్టే, మార్పు అన్నది మాటతో మొదలైన పేరు మాత్రమే అని ఆ బోధ సారం. మూడింటిలో రెండు లోహపు పనివాడి ఇంటివి. కడపకు ఉత్తరాన పెన్న ఒడ్డున ఉన్న పుష్పగిరి పీఠం శంకరుల సంప్రదాయానికి చెందినది. ఆ సంప్రదాయం ఈ బోధను సూటిగా తీసుకుంటుంది. ఈకలో రాగి తప్ప మరొకటి లేదు. తక్కెడ కూడా అదే చెప్పింది. ఈక అన్నది రాగికి మనం పెట్టిన పేరు, అట్లాగే ప్రపంచం బ్రహ్మానికి పెట్టిన పేరు.

ఈ జవాబుకు గొప్ప బలముంది. కానీ కొలిమి దగ్గర కూర్చున్నవాడికి ఒక అనుమానం మిగులుతుంది. పేరు పెట్టినంత మాత్రాన ఈక రాలేదు. ఎన్నిసార్లో కాల్చి, తిరగేసి, వందల దెబ్బలు కొడితే వచ్చింది. నునుపు రేకూ ఈక రేకూ వంచితే ఒకేలా వంగవు. ఉబ్బులూ మడతలూ పడిన రేకు సాదా రేకు కన్నా ఎంతో గట్టిగా నిలుస్తుంది. లారీ క్యాబిన్ తలుపుకు గాడులు నొక్కేదీ అందుకే. రూపం పని చేస్తోంది. పని చేసేదాన్ని ఉత్త పేరని కొట్టేయడం కష్టం.

తుంగభద్ర ఒడ్డున మంత్రాలయంలో 1671లో బృందావన ప్రవేశం చేసిన రాఘవేంద్రస్వామి మధ్వ సంప్రదాయం వారు, ఉపనిషత్తులకు ఖండార్థాలు రాసినవారు. ఆ సంప్రదాయంలో ఉద్దాలకుడి ఉదాహరణకు అర్థమే వేరు. ఒక మట్టిముద్దను చూస్తే మిగతా ముద్దలు ఎట్లాంటివో పోలిక వల్ల తెలుస్తుంది, ప్రధానమైనది తెలిస్తే దానికి లోబడినవి తెలుస్తాయి. అంతేగానీ కుండ అబద్ధమని కాదు. భేదం నిజం. ఈక వేరు, రెక్క వేరు, వాహనం వేరు, దాని మీది స్వామి మరీ వేరు. భక్తుడు వాహనానికి దండం పెట్టడంలోనూ ఈ భేదం కనబడుతుంది. గరుత్మంతుడు ఎంత గొప్పవాడైనా మోసేవాడే, మోయించుకునేవాడు కాదు.

అహోబిలం పక్షం వీటి నడుమ నిలుస్తుంది. నల్లమల కొండల్లోని ఆ నరసింహ క్షేత్రం పేరుతో వెలసిన అహోబిల మఠం రామానుజుల విశిష్టాద్వైతాన్ని అనుసరిస్తుంది. ఆ సిద్ధాంతంలో ముద్ద ఒక అవస్థ, ఈక మరొక అవస్థ. ద్రవ్యం ఒకటే, అవస్థలు రెండూ నిజమైనవే. దాన్ని మించి శరీరం అనే మాటకు రామానుజులు ఇచ్చిన నిర్వచనం వాహనానికి అచ్చంగా సరిపోతుంది. ఒక చేతనుడు దేన్ని తన ప్రయోజనం కోసం నిలుపుకొని, నడిపించుకొని, తనకే శేషంగా ఉంచుకుంటాడో అది అతని శరీరం. శేషం అంటే ఇక్కడ మిగులు అని కాదు, మరొకరి కోసమే ఉండేది అని. విష్ణువును మోసే సర్పం పేరు శేషుడు. వాహనం పేరులోనే సిద్ధాంతం ఉంది. రేకు కర్ర కోసం, కర్ర మూర్తి కోసం, మొత్తం స్వామి కదలడం కోసం. ఇట్లా చూస్తే గరుత్మంతుడు రేకులో ఉన్నాడా కర్రలో ఉన్నాడా అన్న ప్రశ్నే మారిపోతుంది. అతను మోతలో ఉన్నాడు. వాహనం అనే మాటకు మూలమైన ధాతువుకు అర్థమూ మోయడమే.

మూడింటిలో వాహనానికి ఎక్కువ న్యాయం చేసేది ఈ ఆఖరి చూపే. శ్రీశైలం రావణ వాహనమే దీనికి సాక్ష్యం. పొగరుతో కైలాసాన్ని పెకలించబోయిన రావణుడు అక్కడ పది తలలతో శివుణ్ణి మోస్తాడు. రూపం ఆ పాత రాక్షసుడిదే, పదార్థం మిగతా వాహనాలదే. ఎత్తబోయిన చేతులు ఇప్పుడు మోస్తున్నాయి. పూజ్యత వచ్చింది ఆ మార్పు వల్ల. అహోబిలంలో సంక్రాంతి తరవాత సాగే పారువేటలో స్వామి పల్లకిలో నలభై రోజులకు పైగా, ముప్పైకి మించిన ఊళ్లు తిరుగుతాడు. పల్లకికి రెక్కలూ లేవు, తలా లేదు. అయినా అది ఆగిన ఊరల్లా పండుగ చేసుకుంటుంది.

విడదీసి చూస్తే ఏమీ మిగలదనే వాదమూ పాతదే. పాళీ గ్రంథం మిలిందపన్హలో నాగసేనుడు మిలిందరాజును రథం గురించి అడుగుతాడు. ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా? ఏదీ కాదని రాజే ఒప్పుకుంటాడు. జొన్నగిరి పక్కన ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలు, నందలూరు దగ్గర బౌద్ధ శిథిలాలు ఉన్న ఈ సీమకు ఆ ఆలోచన కొత్తది కాదు. అయితే నాగసేనుడి ప్రశ్న నిలబడ్డ రథానికి వేసినది. రాజు ఆ రోజు రథం ఎక్కి వచ్చాడన్న సంగతిని ఆ ప్రశ్న చెరపలేదు.

ఇంతకన్నా నేరుగా గుచ్చేది వేమన అభ్యంతరం. సీమ నేల మీద తిరిగిన ఆ యోగి రాళ్లకూ బొమ్మలకూ మొక్కడాన్ని తీవ్రంగా నిలదీశాడు. కంసాలి అభిరాముడితో స్నేహం, బంగారం చేసే విద్య కోసం పడిన పాట్లు అతని గురించిన కథల్లో ఉన్నాయి. లోహం మోజు ఎరిగినవాడి నోటి నుంచి వచ్చిన మాటకు బరువు ఎక్కువ. కడపలో ఇల్లు కొనుక్కుని ఉన్న, వేమన పద్యాలు సేకరించిన సి.పి. బ్రౌన్ 1829లో వాటిని అచ్చువేశాడు. పైమెరుపు చూసి మురిసి లోపలి మనసును వదిలేస్తున్నారన్న వేమన నింద తాపడానికి నేరుగా తగులుతుంది. కొత్త తాపడానికి చందాలిచ్చేటప్పుడు పోటీలు పడే ఊళ్లలో ఆ నింద నేటికీ నిజం. దాన్ని కప్పిపుచ్చి వాహనాన్ని సమర్థించకూడదు.

అదే సీమలో పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి మరో దారి చూపాడు. ఆయన పుట్టింది పంచాణం వారిలో, అంటే ఇనుము, కర్ర, కంచు, రాయి, బంగారం పట్టే విశ్వబ్రాహ్మణుల్లో. బనగానపల్లెలో పశువులు కాస్తూ రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశాడని, కందిమల్లాయపల్లెలో 1693లో జీవసమాధి అయ్యాడని సంప్రదాయం చెబుతుంది. ఆయన ప్రియశిష్యుడు సిద్దయ్య దూదేకుల ముస్లిం. వాహనానికి కనీసం ముగ్గురు పంచాణం వారి చేతులు కావాలి: కర్రకు వడ్రంగి, రాగికి కంచరి, వెండి బంగారాలకు కంసాలి. దేవుడికి ఒళ్లు తొడిగే కులం నుంచి వచ్చిన గురువు మనిషిలోనే దేవుణ్ణి వెతకమన్నాడు. ఇందులో విరోధం లేదు. రేకు లోపల ఏముందో అందరికన్నా ముందు తెలిసినవాడు రేకు కొట్టినవాడే.

ప్రతిమే దేవుడు కాదన్న ఈ సంగతిని ఆగమాలు తమ పద్ధతిలో ఒప్పుకుంటాయి. గర్భగుడిలో మరమ్మతు చేయాల్సి వస్తే మూలమూర్తిలోని కళను కలశంలోకి ఆవాహన చేసి, పక్కన కట్టిన బాలాలయంలోని ప్రతిమకు మారుస్తారు. పని ముగిసేదాకా పూజలు అక్కడే. తిరుమలలో పన్నెండేళ్లకోసారి ఇది జరుగుతుంది. 2018 ఆగస్టులో జరిగింది. బాలాలయం అంటే పసి ఆలయం, పెద్దగుడికి చిన్న రూపు. సాన్నిధ్యం కొలతకు కట్టుబడదని, పదార్థానికి అంటుకుని ఉండదని, పిలిచిన చోటికి వస్తుందని ఆ తంతు అర్థం.

రేకు, మోత అనే ఈ జంట హిందూ ఆలయాలకే పరిమితం కాలేదు. మొహర్రం వస్తే కర్నూలు, కడప పల్లెల్లో పీర్ల చావిళ్లు తెరుచుకుంటాయి. చేతి ఆకారంలోనో చంద్రవంక ఆకారంలోనో ఉన్న లోహపు పీర్లకు దట్టీలు కట్టి, మల్లెపూలు చుట్టి, గుండం చుట్టూ తిప్పుతారు. మొక్కేవాళ్లలో హిందువులూ ఉంటారు. ఇస్లాంలో దేవుడికి రూపం లేదు. పీరు కర్బలాలో ప్రాణాలిచ్చినవారి గుర్తు, ప్రతిమ కాదు. గుర్తుకీ ప్రతిమకీ సిద్ధాంతంలో ఎంతో దూరం. భుజం మీద ఎత్తుకున్నవాడి తీరు చూస్తే ఆ దూరం కనబడదు. పదో రోజు నీటి ఒడ్డున దట్టీలు విప్పి, కడిగి, పెట్టెలో పెట్టేస్తారు. మళ్లీ ఏడాది దాకా అవి పెట్టెలోనే ఉంటాయి.

మోసే రేకు ఎప్పుడూ బొమ్మే కానక్కర్లేదు. పాత కడప జిల్లా తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకులకెక్కి తిరుమల సంకీర్తన భాండారంలో శతాబ్దాలు ఉన్నాయి. నేటికీ పండితులు ఆ పాటలను రేకు సంఖ్యతోనే గుర్తిస్తారు. అక్కడ రేకు మోసింది మాటను.

వాహనం రేకు కూడా చివరికి అరుగుతుంది. తాళ్లు రాసుకున్న చోట వెండి చిరుగుతుంది, ముక్కు కొస చిట్లుతుంది, చీలలు వదులవుతాయి. అప్పుడు చీలలు పీకి రేకు ఊడదీసి, సాక్షుల ముందు తూచి, కరిగించి, పుటం పెడతారు. తగ్గిన బరువును తరుగు కింద లెక్క రాస్తారు, ఆ మేరకు కొత్త వెండి కలుపుతారు. ఆ రోజుల్లో రేకు లేని కర్ర గరుత్మంతుడు వాహన మండపంలో గోడకు ఆనుకుని ఉంటాడు. అతని ముందు కొబ్బరికాయ కొట్టేవాళ్లుండరు. మూసలో కరుగుతున్న వెండికి దండం పెట్టేవాళ్లూ ఉండరు. గరుత్మంతుడి రెక్కలోని వెండి హంస మెడలోకి పోయినా ఎవరూ అడగరు. కొత్త రేకు బిగించి, పుణ్యాహవచనం, సంప్రోక్షణ జరిపి, ఉత్సవమూర్తిని వీపు మీదికి చేర్చి, బోయీలు దండెల కింద భుజాలు పెట్టాక, వీధిలో జనం మళ్లీ చేతులెత్తుతారు.